మా అయ్య తాగని సారా

ఎండాకాలంలో గంజి పోసి ఉంచే తరవాణి కుండ మూత తియ్యగానే వచ్చే పులిసిన వాసనకి మా కోడలు ముక్కు మూసుకుంటుంది గానీ, నాకు మాత్రం రంగూన్‌లో ఉండగా తొమ్మిదేళ్ల వయసులో చూసిన షాన్ కొండలూ, వాటితోపాటు నేను చేసిన పాపమూ గుర్తుకొస్తాయి.

మా అయ్య రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో బియ్యం మిల్లు మేస్త్రీ. సాయంత్రమైతే తాగేవాడు. ఒకరోజు అమ్మ ఆయన చెయ్యి లాగి నా నెత్తిన పెట్టి, ఇక తాగనని ఒట్టు వేయించింది. తప్పితే నాకే కీడని మావాళ్ల నమ్మకం. ఆ మర్నాటి నుంచి అయ్య టీ దుకాణంలో ఓ కప్పు తాగి తిన్నగా ఇంటికొచ్చేవాడు.

ఆ ఏడు వానలు వెలిశాక, మిల్లులో అయ్యతో పనిచేసే కో బా మమ్మల్ని షాన్ కొండల్లోని తన ఊరికి రమ్మన్నాడు. అమ్మ కడుపుతో ఉండి రాలేదు. కొండ ఎక్కలేక రైలు కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ నడుస్తుంటే నేనూ తమ్ముడూ కిటికీలోంచి కేకలు పెట్టాం; పైకెళ్లేకొద్దీ పళ్లు కొట్టుకునే చలి, పైన్ చెట్ల బంక వాసన, వెదురు ఇళ్ల మీద పొగమంచు, ఆకుల్లో చుట్టిన వేడి వేడి జిగురన్నం, ఎర్రబట్టలు కట్టుకుని పొద్దున్నే వరసగా భిక్షకు పోయే బాలసన్యాసులు, అన్నిటినీ నోరు తెరుచుకుని చూశాను.

కొండమీద పాత టేకు మఠం ఉంది. బుద్ధుడికి బంగారు రేకు అంటించడానికి మగవాళ్లే పైకెళ్లాలట. ఆడపిల్లనని నన్ను మెట్ల మీద కూచోబెట్టి అయ్య తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్లాడు. వేలికంటిన బంగారాన్ని నాకు చూపిస్తూ వాడు దిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం కో బా తల్లి, అల్లమూ తేనే కలిపిన, పులిసిన వాసనేసే జిగురు బియ్యపు సారా వెదురు గొట్టంలో పోసి అయ్యకిచ్చింది. పెద్దావిడ మాట తోసెయ్యలేక అయ్య రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, నావైపు ఒకసారి చూసి, చుక్క ముట్టకుండా కో బా చేతికిచ్చేశాడు. అదంతా నేను బాగా చూశాను.

ఇంటికొచ్చిన పదిరోజులకి నాకు చలిజ్వరం పట్టుకుంది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ అమ్మ అడిగింది.

"నిజం సెప్పే. మీ అయ్య అక్కడ తాగినాడేటి?"

నన్ను మెట్ల మీద వదిలి తమ్ముణ్ణి తీసుకెళ్లాడన్న ఉక్రోషం నాకింకా చల్లారలేదు. "తాగినాడమ్మా" అన్నాను.

అయ్య గుమ్మంలోనే ఉన్నాడు. నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"గుంట అబద్దమాడదులే. ఓ గుక్క తాగినాను" అన్నాడు.

జ్వరం తగ్గింది. అమ్మ మాత్రం ఆపైన ఆయన్ని నా తలమీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నా పెళ్లిలో కూడా అక్షింతలు దూరంగా నిలబడే వేశాడు. బతికినన్నాళ్లూ మళ్లీ తాగలేదాయన. అమ్మ నమ్మలేదు.

యుద్ధమొచ్చి విశాఖ దారి పట్టినప్పుడు అయ్య దారిలోనే పోయాడు. ఆ మిల్లు లేదు, కో బా ఏమయ్యాడో తెలీదు, తమ్ముడూ లేడు. అమ్మ పోయినేడు పోయింది. చివరి రోజుల్లో నేను పాలు పడుతుంటే, "మీ అయ్య మంచోడే. ఆ ఒక్క ఒట్టే తప్పినాడు" అంది.

నేను ఆవిడ మూతి తుడిచి, ఇంకో చెంచా పోశాను.