రాని పన్ను

నాకు పదకొండేళ్ళు నిండినా పైవరసలో ముందుపన్ను ఒకటి రాలేదు. పాలపన్ను ఊడి చాలా కాలమైంది. "నిదానంగా వస్తుందిలే" అనేది అమ్మ. ఆ ఎండాకాలంలోనే అమ్మ పోయింది. కడుపులో గడ్డ. తర్వాత మా మల్కాజ్‌గిరి ఇంట్లో నా పన్ను సంగతి ఎవరికీ పట్టలేదు, నాకు కూడా.

పట్టించుకున్నది మేనత్త. చర్చిలో నా పక్కన నిలబడి పాడుతూ నా నోరు చూసిందట. బయటికొచ్చాక, "అన్నయ్యా, పిల్లకి ఇంకా పన్ను రాలేదేంటి? ఎవరికైనా చూపించు" అంది. నాన్న తలూపాడు. ఆ రోజుల్లో ఏం చెప్పినా తలూపేవాడు.

సికింద్రాబాద్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక పళ్ళ డాక్టరుండేవాడు. ఆయన ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పట్టి చూశాడు. "అసలు పన్ను లోపల్నే ఉన్నది సార్. దాని కింద గడ్డొకటి అడ్డం కూసున్నది."

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"ఏందమ్మా, డాడీ గట్ల పోయిండు?"

"మా అమ్మకీ గడ్డే" అన్నాను, బస్సు నంబరు చెప్పినట్టు.

ఆయన వరండాలోకి వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాడు. తలుపు తీసే ఉంది. "సార్, గా గడ్డ వేరు, ఇది వేరు. పన్ను తయారయ్యే సరుకే దారితప్పి ముద్దకట్టింది. ప్రాణానికేం గాదు. తీసేస్తే పన్నుకు తొవ్వ దొరుకుతది."

"అప్పటి డాక్టర్లూ మొదట ఏం కాదనే అన్నారు" అన్నాడు నాన్న.

"తీసినంక పరీక్షకు పంపిస్త. జెర ఓపిక పట్టండి."

మత్తుసూది ఇచ్చాక పెదవి నుంచి ముక్కుదాకా మొద్దుబారింది. లోపల గీకుతున్న చప్పుడు వినబడింది, నొప్పి లేదు. భయం కూడా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదా అని మాత్రం అనుకున్నాను. స్టీలు పళ్ళెంలో పడినవి నూకల్లా ఉన్నాయి, కానీ ఒక్కోదానికీ పంటి రూపు ఉంది. నాన్న వంగి చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్తే డాక్టరు, "చెప్పిన కద సార్, పరేషాన్ కావద్దని. ప్రమాదం ఏం లేదు" అన్నాడు. నాన్న ఇంకోసారి చెప్పించుకున్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చోగానే నిద్రపోయాడు. అమ్మ పోయాక ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. మల్కాజ్‌గిరి వచ్చింది. లేపలేదు. బొల్లారంలో ఎవరో తట్టి లేపితే దిగి, బెంచీ మీద కూర్చున్నాం.

"ఆకలేస్తోందా?" అన్నాడు. అమ్మ పోయాక తనంతట తానుగా నన్నేదైనా అడగడం అదే మొదలు.

తెలీదన్నాను. నిజంగానే తెలీలేదు. సమోసా కొని, కోసిన చోట తగలకుండా చిన్నచిన్న ముక్కలు చేసి పెట్టాడు. తిన్నాను.

పన్ను ఏడాది తర్వాత దిగింది, కొంచెం వంకరగా. నాన్న నా గడ్డం పట్టుకుని గుమ్మంవైపు తిప్పి చూసి, "వచ్చిందే!" అన్నాడు. ఆయనకి సంతోషం వేసింది. నాకూ వేసే ఉండాలి.