సేటన్న బొటనవేలు

తెల్లాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల మధ్య ఒక క్లబ్‌హౌస్ ఉంది. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే కాలేజీ పిల్లలు అక్కడ గిటార్లు, డ్రమ్ములు పెట్టి పాటలు వాయిస్తారు. మొన్న సాయంత్రం కూడా వాయించారు. తొమ్మిదో అంతస్తులో ఉన్న మా ఇంటిదాకా పాట రాలేదు, బేస్ గిటార్ ఒక్కటే వచ్చింది. గోడలోంచి వచ్చింది, కుర్చీలోంచి వచ్చింది. ముందున్న స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా అదురుతున్నాయి. నా ముక్కుకు ఎక్కడినుంచో మిషను నూనె వాసన తగిలింది. మా ఆవిడ నన్ను చూసి, "ఏందయ్యా, మొఖం గట్ల పాలిపోయింది? బీపీ గోలి ఏసుకున్నవా లేదా?" అంది. వేసుకున్నాను. కానీ యాభై ఏళ్ల నాటి భయానికి బీపీ గోలీ ఏం పనిచేస్తుంది?

ఆ భయాన్ని నాకు నేర్పిన మనిషి పేరు వీరేశం. ఎవరైనా పిల్లలకు ధైర్యం నేర్పుతారు గానీ భయం నేర్పుతారా అని అడుగుతారేమో. ఆయన నేర్పాడు, పట్టుబట్టి నేర్పాడు. బేస్ గిటార్ వాయించడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన లెక్కలో అవి రెండూ ఒకే పాఠం.

మాది పటేల్‌గూడ. తరాల నుంచి వ్యవసాయం. డెబ్బైల్లో బొంబాయి రోడ్డు పొడవునా షెడ్ల మీద షెడ్లు లేస్తున్న కాలంలో, కొత్తగా పెళ్లయిన నేను పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. కిరోసిన్ స్టవ్వుల పళ్లేలు, ఫ్యాన్ల మూతలు అక్కడ తయారయ్యేవి. నన్ను ప్రెస్సు మీద వేశారు. ప్రెస్సు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పైన ఒక ఇనుప దిమ్మె, కింద ఒక అచ్చు. మధ్యలో రేకు ముక్క పెట్టాలి, చేయి వెనక్కి తీసుకోవాలి, కింద ఉన్న పెడల్‌ను కాలితో తొక్కాలి. దిమ్మె దబ్బున దిగి, రేకును మూత చేసి, మళ్లీ పైకి పోతుంది. పెట్టడం, తీయడం, తొక్కడం. తొక్కడం గనక ఒక్క క్షణం ముందు వచ్చిందా, ఇక చేతి సంగతి చెప్పనక్కర్లేదు. అడ్డంగా కంచె గానీ జాలీ గానీ లేని పాత మిషన్లవి. పాత పనివాళ్లు చాలామందికి ఒకటో రెండో వేళ్లు ఉండేవి కావు. బీడీ ముట్టించుకునేటప్పుడు ఆ చేతులు చూడలేక మొఖం తిప్పుకునేవాణ్ని.

వీరేశం ఆ షెడ్డుకు ఛార్జ్‌మన్, అంటే పనివాళ్లందరికీ పైవాడు. సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటి కొడుకు. తక్కెడ పట్టుకోవడం ఇష్టం లేక ఐటీఐ చదివి ఇటు వచ్చాడట. ఇంటి వ్యాపారాన్ని బట్టి అందరూ ఆయన్ని సేటన్న అనేవాళ్లు. అన్నేళ్లుగా ప్రెస్సు మీద ఉన్నా ఆయనకు వేళ్లన్నీ ఉన్నాయి. నేను చేరిన రోజు నన్ను మిషను ముందు నిలబెట్టి అడిగాడు.

"భయమైతుందా?"

లేదన్నాను. కొత్తగా పనిలో చేరినవాడు ఇంకేమంటాడు?

"అయితె ఇయ్యాల మిషను మీద కూసోకు. రేకులు మొయ్యి. భయమైననాడు వచ్చి చెప్పు, గప్పుడు కూసోవెడ్త."

అలా కొన్నాళ్లు రేకులు మోయించాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఎవరో ఇంటికని కొనుక్కున్న కూరగాయల సంచిలోంచి లేత బెండకాయ ఒకటి తీసి, నన్ను పిలిచి, దాన్ని అచ్చు మీద పెట్టి పెడల్ తొక్కాడు. దిమ్మె పైకి లేచాక అక్కడ పచ్చటి తడి మాత్రం మిగిలింది. గుడ్డతో తుడిచి వెళ్లిపోయాడు. ఆ పూట మా ఇంట్లో కూడా బెండకాయ కూరే. నేను పళ్లెం ముందు నుంచి లేచిపోయాను. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి పోయి, "సేటన్నా, భయమైతుంది" అన్నాను. "గిప్పుడు కూసో" అన్నాడు.

ఆయన షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పాట పాడకూడదు. పాడటం సంగతి అటుంచండి, కూనిరాగం కూడా తీయకూడదు. ఎవరి పెదవులైనా కదిలినట్టు కనిపిస్తే వాణ్ని మిషను మీద నుంచి లేపేసేవాడు. "పాటను గేటు బయట పెట్టి రా. పోయేటప్పుడు మల్ల తీస్కపో" అనేవాడు. పాటలంటే పడని మోటు మనిషి అని అందరం చాటుగా నవ్వుకునేవాళ్లం. పిరికి సేటు అని పేరు కూడా పెట్టారు.

అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన్ని చూసి నోరు తెరిచాను. ఫ్యాక్టరీ ఆర్కెస్ట్రా అక్కడ సాధన చేస్తోంది. మిగతావాళ్లంతా నిలబడి ఉన్నారు. సేటన్న ఒక్కడే గోనెపట్టా మీద భజనకు కూర్చున్నట్టు బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్లో బేస్ గిటార్ పెట్టుకుని ఉన్నాడు. నాలుగు వేళ్లనూ తీగల కింది అంచుకు ఆనించి, బొటనవేలి పక్క కండతో ఒక్కో తీగను పైనుంచి కిందికి నొక్కి వదులుతున్నాడు. శబ్దం గుండ్రంగా, మెత్తగా, నిండు గోలెంలో చెంబు ముంచినట్టు వచ్చేది. వచ్చి ఎక్కువసేపు ఉండేది కాదు. పాట దాని మీద హాయిగా కూర్చునేది. అప్పటిదాకా నాకు సినిమా పాటల్లో ఆ శబ్దం ఒకటి ఉంటుందని కూడా తెలియదు. నాకూ నేర్పమని వెంటపడ్డాను.

"నేర్పుత. కానీ సక్కగ కింద కూసోవాలె. బొటనేలే వాడాలె. ఇష్టమైతె రా."

సికింద్రాబాద్ నుంచి వచ్చే జోసెఫ్ అని స్టోర్సులో గుమాస్తా ఉండేవాడు, ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. సేటన్న లేనప్పుడు నాకు ఇంకో పద్ధతి చూపించాడు. అందులో బొటనవేలికి పనిలేదు. చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి తీగను మీటుతాయి. శబ్దం గట్టిగా, తేటగా వస్తుంది. ఎంత జోరు పాటైనా అందుకోవచ్చు. "అరె యార్, బొటనేలుతోని వాయిస్తె పాట ముసలిదైతది. గిట్ల రెండు వేళ్లను నడిపియ్యి, చూడు ఎంత మజా వస్తదో" అన్నాడు. నిజంగానే మజా వచ్చింది. నేను కుర్చీ మీద కూర్చుని వాయిస్తుంటే సేటన్న లోపలికి వచ్చాడు. నా వేళ్ల వంక చూడలేదు. వంగి నా కుడికాలి వంక చూశాడు. అది నేల మీద టక్‌టక్‌మని తాళం వేస్తోంది. నాకు ఆ సంగతే తెలియదు.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిటార్ నా చేతుల్లోంచి తీసుకున్నాడు.

"రెండు వేళ్లు నడిస్తె కాలు కూడ నడుస్తది తమ్మీ. ఆపుదామన్నా ఆగదు. బొటనేలుతోనైతె దెబ్బ చేతిలనే ఉంటది, కాలుకు దిగదు. ఇదివరకు హైదరాబాద్‌ల నేను పనిచేసినకాడ బాల్‌రాజ్ అని నా దోస్తు ఉండె. వానికి రెండు వేళ్లతోటి నేనే నేర్పిన. కాలుతోటి తాళం వెయ్యిమని కూడ నేనే చెప్పిన. ఒకనాడు ప్రెస్సు మీద ఉండంగ వాని మనసుల పాట మొదలైంది. పెదవి గూడ కదల్లే. కాలు మాత్రం తాళం ఏసింది."

అక్కడికి ఆపి గిటార్‌ను గోడకు ఆనించాడు. నాకు బెండకాయ గుర్తొచ్చింది. ఇంటికి పోయి మంచం మీద కూర్చుని, ఉత్త గాలిలో రెండు వేళ్లను ఆడిస్తూ కాలిని గమనించాను. ఎంత బిగబట్టినా మడమ లేస్తూనే ఉంది. బొటనవేలితో ఆడిస్తే కాలు చచ్చినట్టు పడి ఉంది. అందరికీ అంతేనో కాదో నాకు తెలియదు, నా ఒంటికి మాత్రం ఆయన చెప్పిందే నిజం. ఆ రోజునుంచి నా కాలంటే నాకే భయం పట్టుకుంది. మిషను మీద కూర్చున్నంతసేపూ పక్కన పాము ఉన్నట్టు దాన్ని ఒక కంట కనిపెడుతూ ఉండేవాణ్ని. గోనెపట్టా మీద కూర్చుని బొటనవేలితోనే నేర్చుకున్నాను.

ఆ ఏడు దసరాకు ఆయుధ పూజ ఘనంగా చేశారు. ప్రెస్సులన్నిటికీ పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. సాయంత్రం ఆవరణలో ఆర్కెస్ట్రా. పెళ్లాం పిల్లలతో సహా అందరూ వచ్చారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది. చివర్లో జనం ఒక జోరైన పాట వాయించాల్సిందేనని గోల చేశారు. సేటన్న బొటనవేలు దాన్ని అందుకోలేకపోయింది. ఒకసారి మొదలుపెట్టి ఆపేశాడు. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. పండగ, పిల్లల అరుపులు, అందరి ముఖాల్లో సంతోషం. ఆయన మనసు మెత్తబడిందనుకుంటాను. గిటార్ నా చేతికిచ్చి, "ఇయ్యాల మిషన్లు బందే గద. ఒక్క పాట. నిలబడి వాయించు, నీ రెండు వేళ్లతోటే వాయించు" అన్నాడు. వాయించాను. ఈలలు, చప్పట్లు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. కాలు ఏం చేస్తోందో చూసుకోలేదు.

పండగ సెలవు తర్వాత పనిలోకి వచ్చాను. పెడల్ మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. పాటను గేటు బయటే పెట్టి వచ్చానని అనుకున్నాను. రేకు పెట్టడం, చేయి తీయడం, తొక్కడం. కాసేపటికి పని చాలా సులువుగా సాగుతున్నట్టు అనిపించింది. భుజాల్లో బిగువు లేదు. అంత హాయిగా ప్రెస్సు మీద ఎప్పుడూ లేను. అంతలో ఒక మూత అచ్చులో ఇరుక్కుంది. దాన్ని తీయడానికి వేళ్లు లోపల పెట్టాను. నా కాలి కింద పెడల్ దిగలేదు. ఏదో మెత్తగా అడ్డం తగిలింది. అప్పుడే కింది నుంచి సేటన్న కేక వినపడింది.

నేను ముందు చూసింది నా చేతిని. అది దిమ్మె కింద ఉంది. తర్వాత నా కాలిని చూశాను. అది నా బరువంతా వేసి పెడల్‌ను తొక్కుతోంది. పెడల్ కింద ఆయన కుడిచేయి. నేల మీద బోర్లా పడుకుని, దాన్ని సందులో దూర్చి ఉంచాడు. కాలు తీయాలన్న సంగతే నాకు తోచలేదు. పక్కవాళ్లు వచ్చి నన్ను వెనక్కి లాగారు.

ఆయన షెడ్డు అవతలి కొసన ఉన్నాడట. భయపడే మనిషి మిషను ఎప్పుడూ ఒకే లెక్కన కొట్టదు. ఒకసారి ఆగుతుంది, ఒకసారి తొందరపడుతుంది. నాది సరిగ్గా పండగనాటి పాట లెక్కన కొట్టడం ఆయన విన్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు గానీ పిలవలేదు. తర్వాత డిస్పెన్సరీలో నేను ఏడుస్తూ అడిగితే చెప్పాడు.

"పిలిస్తె ఉలిక్కిపడ్తవ్. ఉలిక్కిపడ్డోనికి ముందుగాల కాలే కదుల్తది. స్విచ్చి ఆపినా చక్రం తిరుగుతనే ఉంటది గద, దిమ్మె దిగుతది. ఇగ పెడల్ కింద ఏదన్న పెట్టాలె. చేతిల ఏం లేకుండె." నా చేతి వంక చూసి అడిగాడు. "రాములూ, చెయ్యి లోపల్నే ఉండెనా?"

"ఉండె అన్నా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కట్టు కట్టిన చేయి ఒళ్లోకి తీసుకున్నాడు. "నేనే గద నిలబెట్టిన నిన్ను. గంత భయపడెటోణ్ని, ఒక్కనాడు మరిసిపోయిన" అన్నాడు.

బొటనవేలి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ మళ్లీ వంగలేదు. నెలల తరబడి బేస్ గిటార్ క్యాంటీన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంది. నేను దాన్ని తాకలేదు. జోసెఫ్ ఎన్నిసార్లో బతిమాలాడు, "సేటన్నా, రెండు వేళ్లు మంచిగనే ఉన్నయ్ గద" అని. ఆ మాట వింటేనే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. ఛార్జ్‌మన్‌గా అచ్చులు బిగించి, మొదటి దెబ్బలు కొట్టి చూడాల్సింది ఆయనే. ఆయన కాలు కూడా రోజూ పెడల్ మీదే ఉండాలి. పాట లేని ఆ నెలల్లో ఆయన మనిషి చిక్కిపోయాడు. తిండి సరిగా తినడం లేదని ఇంట్లోవాళ్లు అనేవాళ్లట. చివరికి మేడే సభకు ఒక పాట వాయించడానికి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. నేను పక్కన కూర్చోవాలి.

వేదిక మీద గోనెపట్టా పరిచారు. ఎప్పటిలాగే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. వంగని బొటనవేలు పక్కకు నిలబడి ఉంది. మొదలుపెట్టేముందు నా కుడిచేయి పట్టుకుని, తొడ కింద నుంచి బయటికి వచ్చిన తన పాదం మీద పెట్టుకున్నాడు.

"ఒత్తిపట్టు. కదిలిందంటె గట్టిగ గిల్లు. సిగ్గుపడకు. ఒక్కసారి కదిలినా మల్ల నేను ఈ గిటార్ ముట్ట."

ఆయన రెండు వేళ్లూ తీగల మీద నడిచాయి. నా ప్రాణమంతా అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత బాగా వాయించాడో జోసెఫ్ చెప్పాడు గానీ నేను వినలేదు. తాళం దెబ్బకు ఆ పాదం ఒక్కసారి కూడా కదల్లేదు. పాట పొడవునా సన్నగా వణికింది, అంతే. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా, చలిజ్వరం వచ్చిన పిల్లల ఒళ్లు వణికినట్టు వణికింది. ముందు వరసల్లో చప్పట్లు కొట్టినవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు.

సేటన్న పోయి చాలా ఏళ్లయింది. నేను ఆ ప్రెస్సుల మీదే పనిచేసి, అన్ని వేళ్లతో రిటైరయ్యాను. ఆ వణుకు నా కుడి అరచేతిలో ఇప్పటికీ ఉంది.