పిల్లి మూట కట్టుకున్న బొమ్మ

మా ఆయన పోయాక తార్నాకలో మా ఇంటి వెనక గదిని యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయికి అద్దెకిచ్చాను. మంచి పిల్ల, కానీ నోట్లోంచి మాట ఊడిపడదు. పలకరిస్తే తల ఊపి తలుపు వేసుకునేది. ఎవరి కన్నో తగిలిందనుకుని ఒక మంగళవారం గడప దగ్గర నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశాను. వాడకట్టంతా దగ్గింది. ఆమె కూడా దగ్గింది గానీ మాట్లాడలేదు.

పొద్దున్నే క్యాంపస్‌లోకి నడకకు పోతాను. ఒకరోజు అక్కడ ఆమె స్నేహితురాలు నన్ను చూసి ఆగిపోయింది.

"ఆంటీ, గా బొమ్మలల్ల ఉన్నది మీరే కదా!"

"ఏం బొమ్మలే?"

ఫోను చూపించింది. మా పిల్ల తన గురించి తానే బొమ్మల కథలు గీసి అందులో పెడుతుందట. ఆమేమో దుప్పటి కప్పుకున్న పిల్లి. నేనేమో ముఖమంతా నోరే, చేతిలో మిరపకాయల పొగ. నాకు చదువు రాకపోతే ఏం, నా కొప్పు నేను గుర్తుపట్టనా! పడీ పడీ నవ్వాను.

"మాటలు తక్కువోళ్ళను ఇంట్రోవర్ట్ అంటరు ఆంటీ. గిసొంటి బొమ్మలు మస్తుగుంటయి."

వేరేవాళ్ళవీ చూపించింది. అన్నిట్లో అదే తంతు. తలుపు గంట మోగితే పిల్లి మంచం కిందికి దూరుతుంది, మాట్లాడేవాళ్ళు రాక్షసులు. ఇంట్లో పలికే దిక్కు లేకే ఆ రాక్షసులు అంత మాట్లాడతారని ఒక్కరూ గీయలేదు.

మా పిల్ల గీసిన చివరి బొమ్మలో పిల్లి మూట కట్టుకుని, నేను గేటుకు కట్టినలాంటి టూలెట్ బోర్డు చూస్తోంది. నా నవ్వు అక్కడే ఆగింది. ఆమె కూడా పోతే ఇక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ రోజు నుంచి నోటికి తాళం వేశాను. పాలవాడితో కూడా సైగలే.

"గొంతు పోయిందా పెద్దమ్మా? నా చెవులకు రెస్ట్ దొరికింది!" అన్నాడు వాడు.

రెండు మూడు రోజులకు వెనక గది తలుపు తెరుచుకుంది.

"ఆంటీ, పాణం మంచిగున్నదా? దవాఖానకు పోదామా?"

తల అడ్డంగా ఊపాను.

"ఏదన్న మాట్లాడుండ్రి ఆంటీ, భయమైతున్నది."

"ఏం మాట్లాడాలె? పిల్లి మూట కట్టిందట గద. ఖాళీ చేస్తవేమోనని నోరు మూసుకున్న."

ఆమె ముఖం ఎర్రబడింది. "అయ్యో, అది నవ్వుకోనికి గీసిన ఆంటీ! నేనేడికి పోత? కొత్త ఇంటికి పోతే మళ్ళ కొత్తోళ్ళతోని మాట్లాడాలె గద!"

ఆమె నోట అంత పొడుగు మాట అదే మొదటిసారి విన్నాను. ఇక నేను ఆపుకున్నదంతా మొదలుపెట్టాను. పాలవాడి సంగతి, మోకాళ్ళ సంగతి, ఎదురింటి కోడలి సంగతి. పాపం, గడపలోనే నిలబడి వింది. కాసేపటికి ఆమె చెయ్యి మెల్లగా తలుపు మీదికి పోయింది.

"పో బిడ్డా, పో," అన్నాను. "కోడలి మిగతా సంగతి అన్నం తినేటప్పుడు చెప్త."