మెతుకుల జిగురు

మా పాప ఎడమ మోచేయి విరిగిన మరునాడు మార్కాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నాం. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. మేడమెట్ల మీద నుంచి జారిపడింది. ఎముక సరిచేసి, కదలకుండా లోపల తీగలు వేయాలన్నారు. మా ఆవిడ రెండు నెలల చంటివాడితో ఇంటి దగ్గరే ఉండిపోయింది.

రాత్రి నుంచి పాప కడుపులో ఏమీ లేదు. తెల్లవారాక నీళ్లు కూడా ఆపేశారు. ఆపరేషన్ పదింటికన్నారు, పన్నెండు దాటింది.

"మత్తు డాక్టరు పొదిలిలో ఇంకో కేసు చూసుకోని బయల్దేరినాడంట సార్," అంది నర్సు. "పాపకు చుక్క కూడా ఇయ్యొద్దు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతాది."

"నాయనా, ఒక్క గుక్క," అని పాప అడుగుతూనే ఉంది. నేను మాటిమాటికీ దాని ఎడమచేతి గోళ్లు నొక్కి చూస్తున్నాను. నెత్తురు ఆడుతుంటే వదలగానే ఎర్రబడాలి. వేళ్లు చల్లబడితే వెంటనే చెప్పమన్నారు.

నేను పుల్లలచెరువు వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పాప ధ్యాస మళ్లించడానికి నాకు చేతనైంది అదొక్కటే. నర్సు దగ్గర కత్తెర అడిగి, ఖాళీ మందుల పెట్టెల అట్టతో సమఘనం కత్తిరించాను. పాప కుడిచేత్తో ఒక ముఖం అదిమి పట్టుకుంటే నేను మిగతావి మడిచాను. తర్వాత నాలుగు త్రిభుజాల చతుర్ముఖి. అంటించడానికి మాత్రం ఏమీ లేదు.

పక్క మంచం దగ్గర మొగుడికి తోడున్న ముసలావిడ చూసి, క్యారేజీ మూతలో పిడికెడు అన్నం పెట్టి ఇచ్చింది. "జిగురెందుకబ్బాయా, మెతుకులు నలిపి పూయి."

తీసుకోకుండా ఉండాల్సింది. పాప శ్రద్ధగా మెతుకులు నలిపి అంచులకు పూసింది. సమఘనం నిలబడింది. నేను చతుర్ముఖి అంచులు కలుపుతూ తలెత్తేసరికి పాప దవడ కదులుతోంది.

"ఏంది నోట్లో?"

"ఏం లేదు."

"నోరు తెరువు."

తెరిచింది. ఏమీ కనబడలేదు. పై పెదవికి మాత్రం ఒక మెతుకు అంటుకుని ఉంది.

"రెండే నాయనా," అంది నెమ్మదిగా. "డాక్టరుకు చెప్పొద్దు."

గంటన్నర ఆ మాటతోనే కూర్చున్నాను. చెబితే ఆపరేషన్ వాయిదా. అప్పటికే చెయ్యి వాచి ఉంది. చెప్పకపోతే నర్సు అన్నది జరగొచ్చు. రెండు మెతుకులకేమవుతుందని ఒకసారి, రెండేనా అని ఇంకోసారి. మూతలో ఎంత అన్నం మిగిలిందో చూశాను గానీ, మొదట ఎంత ఉందో గుర్తు రాలేదు.

మత్తు డాక్టరు రెండున్నరకు వచ్చారు. స్ట్రెచర్ తెచ్చారు. పాప నా కళ్లల్లోకే చూస్తోంది.

"సార్, ఒంటిగంటప్పుడు అన్నం తినింది," అన్నాను. "కొంచెమే అంటోంది. నేను చూడలేదు."

ఆయన కోప్పడలేదు. ఎముకల డాక్టరును పిలిపించారు. ఆయన వేళ్లు పట్టి చూసి, వెచ్చగానే ఉన్నాయన్నారు.

"ఏడింటి దాకా ఆగుదాం," అన్నారు మత్తు డాక్టరు. "ఇప్పుడు రెండు గుక్కల నీళ్లు పట్టండి. నాలుగు దాటాక అవీ వద్దు."

గ్లాసు నోటికందిస్తే పాప మొహం తిప్పేసుకుంది. కాసేపటికి తనే అందుకుని తాగింది. ఏడింటి దాకా మొహం గోడవైపే పెట్టుకుంది. గోళ్లు నొక్కుతుంటే మాత్రం చెయ్యి లాక్కోలేదు.

ఎనిమిదిన్నరకు బయటికి తెచ్చారు. బాగా జరిగిందన్నారు. తెలివొచ్చాక వాళ్లమ్మకు ఫోన్ కలిపిస్తే, మత్తుగానే ఫిర్యాదు చేసింది. "అమ్మా, చెప్పొద్దన్నా నాయన చెప్పేసినాడు."

అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు. పాప చాలాసేపు వింది. "ఊఁ," అని ఫోన్ నా చేతికిచ్చి, కళ్లు మూసుకుంది.