ముందే కళ్లు తెరిచిన పటం

భక్తుల కోసం రూపం దాల్చిన శ్రీహరికి ముందుగా నమస్కారం. పువ్వుకు రంగు వేసింది ఆయనే, దాన్ని చూసే కన్ను ఇచ్చిందీ ఆయనే.

సూర్యాపేటలో మా వీధి భజన మందిరంలో ఉన్న రాములవారి గుడ్డ పటం చినిగిపోయింది. మిర్యాలగూడ నుంచి ఫ్లెక్సీ తెప్పిద్దామని అందరం అనుకున్నాం. అప్పుడే కోదాడ నుంచి మా చెల్లెలి కూతురు సెలవులకు వచ్చింది. హైదరాబాదులో చిత్రకళ చదువుతోంది, బొమ్మలన్నీ ట్యాబు మీదే వేస్తుంది. ఆ పాత పటాన్ని ఒడిలో పరుచుకుని చాలాసేపు చూసి, "పెద్దమ్మా, ఇలాంటిదే నేను చేత్తో గీస్తాను. ఏకాదశి దాకా ఆగమని చెప్పండి" అంది.

మా భజనకు పెద్ద అయిన తాత ఒప్పుకున్నాడు. "ఏకాదశి పొద్దుగాల తయారుండాలె బిడ్డా. లేకుంటే ఫ్లెక్సే."

ఆ పిల్ల చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు చేసింది. అందులో సుద్దమట్టి కలిపి ముతక గుడ్డకు పూత మీద పూత పూసింది. ఒకటి ఆరేదాకా ఇంకోటి వేయకూడదు. ఫోను ముట్టకుండా ఎండలో ఆ గుడ్డ పక్కనే కూర్చునేది. ఓర్పు తపస్సని పురాణాల్లో ఎన్నోసార్లు విన్నాను. కంటితో చూసింది అప్పుడే.

ఏకాదశి దగ్గర పడ్డాక తాత చూడటానికి వచ్చి గడపలోనే ఆగిపోయాడు. నేల మీద పరిచిన గుడ్డపై ఇంకా ఉత్త గీతలే ఉన్నాయి. కళ్లు మాత్రం నిండుగా, నల్లగా చూస్తున్నాయి. ట్యాబు మీద ఆ పిల్ల ఎప్పుడూ కళ్లతోనే మొదలుపెడుతుందట.

"గిదేం పని బిడ్డా? కండ్లు ఆఖర్ల తెరవాలె. తెరిసినంక ఆయన దేవుడు. ఇగ కింద ఏసి, మీద మోకాళ్లు పెట్టి రంగులెట్లేస్తవ్?"

"తుడిచేసి చివర్లో మళ్లీ గీస్తే సరిపోదా తాతా?"

"దేవుని కండ్లు తుడుస్తవా? గదేమన్న నీ ట్యాబా, ఒత్తంగనే పోనీకి!"

పిల్ల ముఖం చిన్నబోయింది. ఇక ఫ్లెక్సీయే ఖాయమనుకున్నాను. అంతలో తనే తలెత్తింది.

"గుడిలో అలంకారం చేసేటప్పుడు స్వామికి తెర వేస్తారు కదా తాతా? నేనూ తెర వేస్తాను. పటాన్ని గోడకు కట్టి, నిలబడి గీస్తాను."

తాత గడ్డం గోక్కున్నాడు. "కోదాడోళ్లకు మాటలు మస్తొస్తయ్. సరే, ఎయ్యి తెర. జర జల్ది. స్వామిని ఎంతసేపు గట్ల సగంల నిలవెడ్తవ్?"

నా పట్టుచీర కొంగు నుంచి చిన్న ముక్క కత్తిరించి ఇచ్చాను. దాన్ని స్వామి కళ్లకు అడ్డంగా వేలాడదీసింది. రోజూ తలస్నానం చేసి, చేతులు లాగేస్తున్నా నిలబడే గీసింది. నేను రంగు గిన్నెలు అందిస్తూ నామాలు చదివాను.

ఏకాదశి పొద్దున పటం మందిరమెక్కింది. హారతికి ముందు తాత స్వయంగా ఆ పట్టు ముక్కను పైకెత్తాడు. అందరి నోటా గోవింద నామం మారుమోగింది. తాత మాత్రం స్వామి ముఖంలోకి తేరిపార చూశాడు. చివరికి పిల్ల వైపు తిరిగాడు.

"ఇన్ని దినాలు తెరెనక ఉంచినవని స్వామికి కోపమేం లేదు బిడ్డా. నవ్వుతున్నడు సూడు."

చదువుతున్న మీరూ ఒక్క క్షణం మాతో చేతులు జోడించండి. స్వామీ, ఈ బిడ్డ చేతికి బలమివ్వు. తెలియక చేసిన తప్పును కూడా నీ సేవగా మార్చుకునే బుద్ధి మా అందరికీ ఇవ్వు.