కాక్ వస్తే "చూసిన" అనాలె

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను ఏ ఆటా ఆడలేదు. మా నాయిన నర్సింహులపేట చుట్టుపక్కల ఊళ్ళలో సువార్త చెప్పేవాడు. బడిలో ఆటల గంట కొట్టగానే మిగతా పిల్లలు మైదానంలోకి పరుగెత్తేవాళ్ళు, నేను గోడ నీడలో కూర్చుని ఆదివారానికి వాక్యాలు బట్టీ పట్టేదాన్ని. అది నాకు శిక్షగా ఎన్నడూ అనిపించలేదు. ఆ వాక్యాలే తర్వాత చాలా కష్టాల్లో నన్ను నిలబెట్టాయి. పెళ్ళయి భూపాలపల్లి బొగ్గు కాలనీకి వచ్చాక మా చర్చి సంఘంలో ఆదివారం బడి పిల్లలకు వాటినే నేర్పాను. దాంతో కాలనీ అందరికీ టీచరమ్మనయ్యాను.

అలాంటి నా చేతికి షటిల్ బ్యాటు వచ్చిందంటే కారణం తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సమ్మె, మా ఎదురు క్వార్టర్ కోడలు.

ఆమె జనగామ పిల్ల. అక్కడ హైస్కూల్లో చదివేటప్పుడు జిల్లా పోటీల దాకా ఆడింది. పెళ్ళయి వచ్చేటప్పుడు బట్టలతోపాటు బ్యాట్లు కూడా తెచ్చుకుంది గానీ, పదకొండేళ్ళుగా అవి బీరువా మీదే ఉన్నాయి. ఆ ఇంట్లో మాట అత్తగారిది. కోడలిని ఉర్దూలో దుల్హన్, అంటే పెళ్ళికూతురు, అని ముద్దుగానే పిలిచేది. ఆట వద్దని ఎన్నడూ కోప్పడలేదు. "ఇప్పుడా?" అని మాత్రం అనేది. పిల్లలు చంకలో ఉన్నప్పుడూ అదే మాట, వాళ్ళు బడికి పోతున్నప్పుడూ అదే మాట.

బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. సమ్మె మొదలయ్యాక బాయిలోకి దిగేవాళ్ళే లేరు. రోజూ పెద్ద రోడ్డు మీద ఏదో ఒక నిరసన. ఒకరోజు అక్కడే వంట చేసి వడ్డించారు, ఇంకోరోజు బతుకమ్మ ఆడారు. తర్వాతి వారం రోడ్డు ఆపి ఆటలు పెట్టాలని కార్మిక సంఘాల వాళ్ళు అనుకున్నారు. మగవాళ్ళకు కబడ్డీ, ఆడవాళ్ళకు షటిల్. ఒక జంటగా ఇద్దరు బడి పంతులమ్మలు ఒప్పుకున్నారు. రెండో జంట కాలనీ నుంచి రావాలి.

ఆ సాయంత్రం ఎదురింటి కోడలు మా వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్క, నువ్వు నాతోని ఆడాలె."

"నేనా? బ్యాటు ఏ దిక్కు పట్టుకోవాల్నో గూడ తెల్వదు చెల్లె."

"నేను నేర్పుత. అత్తమ్మ ఏమన్నదో ఎరుకేనా? టీచరమ్మ ప్రార్థన చేసే మనిషి, ఆమె పక్కన ఉంటె పో అన్నది. నువ్వు రాకపోతె నేను పోవుడు లేదు."

అలా అంటూ కిటికీ ఊచను రెండు చేతులతో పట్టుకుంది. నేను పొయ్యి ఆర్పి నేరుగా వాళ్ళ వరండాలోకి పోయాను. అత్తగారు మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మ, మీ కోడల్ని తీస్కపోత. మళ్ళ తెచ్చి అప్పజెప్త."

"మాటనా?"

"మాటనే పెద్దమ్మ."

ఎనిమిది రోజుల వ్యవధి ఉంది. క్వార్టర్ల మధ్య బట్టలు ఆరేసే దండేనికి దారంతో ఒక పాత షటిల్ కాక్ వేలాడదీసింది చెల్లె. "అది రోకలి కాదక్క, గట్టిగ పిసుకకు. ఎవలితోనన్న చెయ్యి కలుపుతున్నట్టు పట్టుకో," అంది. నేను కొడుతుంటే కాక్ కదలకుండా వేలాడేది, బ్యాటు మాత్రం గాలిలో సుయ్యిమనేది. సమ్మెలో ఖాళీగా ఉన్న మా ఆయన గడప మీద కూర్చుని లెక్క అడిగేవాడు.

"ఎన్ని కొట్టినవ్?"

"ఇరవై."

"కాక్‌నా, గాలినా?"

మూడో రోజు చెల్లె నా ముందుకొచ్చి నిలబడి కాసేపు నా మొహమే చూసింది.

"అక్క, కొట్టే ముందట కండ్లు మూస్తున్నవ్."

"నేనేం మూస్తలేను."

"మూస్తున్నవ్," అన్నాడు గడప మీది మనిషి. "మొదటి దినం నుంచి చూస్తున్న. ప్రార్థన చేసుకుంటున్నదేమో అని ఊకున్న."

నిజమే. భయం వేస్తే కళ్ళు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. పాము కనపడినా, దవాఖానలో సూది చూసినా, డ్యూటీ నుంచి ఆయన ఆలస్యమైనా ముందు రెప్పలు పడతాయి, తర్వాత పెదాలు కదులుతాయి. అందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. నా ప్రభువు ఆ చీకటిలోనే ఎన్నోసార్లు నా చెయ్యి పట్టుకున్నాడు. కానీ కాక్ మాత్రం నేను ఆమెన్ అనేదాకా ఆగదు.

చెల్లె ఒక ఉపాయం చెప్పింది. కాక్ నా దిక్కు వచ్చిన ప్రతిసారీ, కొట్టే ముందు "చూసిన" అని గట్టిగా అనాలి. చూడకుండా అనలేను కాబట్టి కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయని ఆమె ఆలోచన. మొదటిసారి నేను కళ్ళు మూసుకునే "చూసిన" అన్నాను.

"అబద్ధం! ఆదివారం బడిల గిదేనా నేర్పేది?"

ఆ దెబ్బకు తెరిచిన కళ్ళు మళ్ళీ మూయలేదు. సాయంత్రానికి పదిలో నాలుగు తగిలాయి. శనివారానికి దారం తీసేసి, ఎదురుగా నిలబడి ఆడించడం మొదలుపెట్టింది. ఒకరి కాక్‌కు ఇంకొకరు పరుగెత్తకూడదని, "నీదే," "నాదే," అని అరుచుకోవాలని నేర్పింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు. గుడి పునాదికి తన చేతులతో రాళ్ళు మోసిన మనిషి. ఆయన మాటను నేను ఎన్నడూ దాటలేదు.

"మనం ప్రార్థన చేసేటోళ్ళం. రోడ్డు మీద ఎగురుడు మనకెందుకమ్మ?"

నేరుగా ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం బ్యాటు ముట్టలేదు. చెల్లె వచ్చి వాకిట్లో నన్ను చూసింది, గోడకు ఆనించిన బ్యాటును చూసింది. దండేనికి మిగిలిన దారం విప్పి, వేలికి మెల్లగా చుట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నేను లోపలికి పోయి మోకరించాను. మాట అవునంటే అవుననే ఉండాలన్న వాక్యం పిల్లలకు నేర్పేదాన్ని నేనే. పెద్దమ్మకు ఇచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ గుర్తుకొచ్చింది. తెల్లారగానే సంఘ పెద్ద ఇంటికి నడిచాను.

"అయ్యా, నేను మాటిచ్చిన. నేను పోకపోతె ఆ పిల్లను ఎవ్వలు పంపరు."

"మాట ఇయ్యకముందు అడగాలె గదమ్మ."

"ఇచ్చినంక అడుగుతున్నయ్యా."

ఆయన చాలాసేపు చెప్పులకు అంటిన మట్టి గీక్కున్నాడు. చివరికి, "ఐతే పడకు," అన్నాడు. "సంఘం పరువు."

ఆటల రోజు ఒకవైపు కరెంటు స్తంభానికి, రెండోవైపు ఒక ఆటోకు నెట్ కట్టారు. తారు రోడ్డు మీద ముగ్గుతో గీతలు గీశారు. చెల్లె చున్నీని నడుముకు బిగించింది, నేను కొంగు దోపుకున్నాను. జనం మధ్య నల్ల బురఖాలో అత్తగారు నిలబడి ఉంది.

మొదటి నాలుగు పాయింట్లు నా వల్లే పోయాయి. ఐదోసారి కాక్ సూటిగా నా మీదికే వచ్చింది. నాకు తెలియకుండానే గొంతెత్తి "చూసిన!" అని అరిచి కొట్టాను. అది నెట్ దాటి ముగ్గు గీత లోపల పడింది. జనం ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. ఆ తర్వాత నా వైపు కాక్ లేచిన ప్రతిసారీ రోడ్డంతా "చూసిన!" అని నాకంటే ముందే అరిచింది. జై తెలంగాణ మధ్యలో అదీ ఒక నినాదమైపోయింది.

కానీ ఆ రోజు నేను నిజంగా చూసింది చెల్లెను. వెనక్కి పోయి, గాలిలోకి లేచి, మణికట్టు ఒక్కసారి తిప్పేది. ఎదుటివాళ్ళు కదిలేలోపే కాక్ వాళ్ళ కాళ్ళ దగ్గర ఉండేది. పదకొండేళ్ళు బీరువా మీద ఉన్నది ఉత్త బ్యాటు మాత్రమే అనుకున్నాను అప్పటిదాకా. పదిహేను పాయింట్ల ఆటలో పంతులమ్మలే గెలిచారు, మాకు పన్నెండు వచ్చాయి. నేను పడలేదు.

పెద్దమ్మ దగ్గరికి కోడల్ని తీసుకెళ్ళి, "అప్పజెప్పిన," అన్నాను. ఆమె కోడలి నుదుటి మీది చెమటను తన చేత్తో తుడిచింది, అంతే. ఆదివారం చేయి కలిపేటప్పుడు సంఘ పెద్ద నా చెవి దగ్గరికి వంగి, "చూసిన," అన్నాడు. ఏ మూల నిలబడ్డాడో మరి.

కొన్ని రోజులకు సమ్మె ముగిసింది. మగవాళ్ళు మళ్ళీ బాయిలోకి దిగారు. రాష్ట్రం రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది గానీ, ఆ రోజు నా బెంగ వేరే. పెద్దమ్మ ఒప్పుకున్నది ఆ ఒక్క ఆటకే. రోడ్డు మీద ఆటలు అయిపోయాయి, ఇక ఆ బ్యాట్లు తిరిగి బీరువా మీదికి పోతాయనుకున్నాను. నేనే పోయి పెద్దమ్మను అడుగుదామని లేచాను గానీ, ఎదురుగా వినబడబోయే "ఇప్పుడా?" తలుచుకుని గడపలోనే ఆగి, కళ్ళు మూసుకున్నాను.

ఎదుటి వరండా నుంచి పెద్దమ్మ గొంతు వినబడింది.

"ఓ టీచరమ్మా! దుల్హన్ తయ్యారైంది. పొద్దు గూకుతున్నది, జర జల్ది రా!"