బొరుగుల పొట్లాల్లో పోయిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో మా డోన్‌లో ఇంగ్లీషు రెండే చోట్ల వినిపించేది: రైలు దిగిన దొర నోట్లో, రైలు తప్పిపోయిన దొర నోట్లో. రెండోదే కాస్త గట్టిగా వినిపించేది. అయినా ఆ భాష మీద మా ఊరికి ఉండిన మోజు అంతా ఇంతా కాదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే రైల్వేలో నౌకరీ, నౌకరీ వస్తే ఇత్తడి గుండీల కోటు, కోటు వస్తే పిల్లనిచ్చే మామ, ఇదీ వరస. నా వరకు ఆ మామ వేరే ఎవరో కాదు, మా అమ్మకు సొంత తమ్ముడు, చెనిక్కాయల వ్యాపారి. ఆయన కూతురు పుట్టినప్పటి నుంచే నాకు వరసైనది. నేను బడి మానేసినప్పటి నుంచి మాత్రం ఆ వరస కొంచెం సడలింది. (మానేశానని నేననడం మర్యాద కోసం. లెక్కల అయ్యవారూ నేనూ, మా ఇద్దరిలో ఒకరే బడిలో ఉండగలమని తేలింది. ఆయనకు సంసారం ఉంది కదా అని నేనే తప్పుకున్నాను.)

స్టేషన్లో టికెట్లు వసూలు చేసే పనికి మనుషుల్ని తీసుకోవడానికి దొర వస్తున్నాడని తెలియగానే మామ మా ఇంటికొచ్చి తేల్చి చెప్పాడు. "చూడప్పా, నౌకరీ వస్తే పిల్ల నీది. రాకుంటే ఆలూరోళ్ళు అడుగుతాండారు. ఆ పిల్లోనికి తాలూకా కచేరీలో పని ఉండాది." మామ కూతురంటే నాకు ఎంత ఇష్టమో ఇంగ్లీషంటే అంత భయం.

మామే గురువును కూడా కుదిర్చాడు. రైలు గార్డుగా చేసి దిగిపోయిన ముసలాయన. ఊరంతా గార్డు తాత అనేది. సాయంత్రాలు మామ ఇంటి అరుగు మీద పాఠం. చదువుకునేది నేనూ, దూదేకులవాళ్ళ పిల్లోడు సుర్మా. (వాడి కళ్ళకు సుర్మా కాటుక లేని రోజు వాళ్ళమ్మే వాణ్ణి గుర్తుపట్టలేదని మేం ఏడిపించేవాళ్ళం.) తలుపు వెనక చెనిక్కాయలు ఒలుస్తూ మామ కూతురు. తాత దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకముంది కానీ దానికి ముందు సగం లేదు. తాత భార్య బొరుగులు, అదే మరమరాలు, అమ్మేది. ఆ అవ్వ మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే చింపి పొట్లాలు కట్టేసింది. దణ్ణాలు, కుశలప్రశ్నలు, మన్నించమని అడిగే మాటలు, అన్నీ బొరుగులతో పాటు ఊరి మీద పోయాయి. మిగిలిన దాంట్లో మొట్టమొదటి పాఠం, పగ తీర్చుకునే పలుకుబళ్ళు.

"తాతా, దొర కనపడితే ఏమనల్లో అది చెప్పు ముందు" అన్నాను.

"అది పొట్లాల్లో పాయరా. ఉండేది నేర్చుకో. యాడ మొదలుపెట్టినా ఇంగ్లీషు ఇంగ్లీషే."

తాత పద్ధతి ఒకటుంది. ఏ మాటైనా చేసి చూపిస్తే గాని ఒప్పుకోడు. "మాకు గార్డు పని జెండా పట్టించి నేర్పినారు, పుస్తకం పట్టించి కాదు" అనేవాడు. అందుకని టిట్ ఫర్ టాట్ అంటూ సుర్మా నన్ను గిల్లాలి. టిట్ ఫర్ టాట్ అంటూ నేను వాణ్ణి గిల్లాలి. దెబ్బకు దెబ్బ అని దాని అర్థం మా చేతులకు పట్టినంతగా బుర్రలకు పట్టలేదు. తర్వాత టేస్ట్ ఆఫ్ హిజ్ ఓన్ మెడిసిన్. అంటే, ఎదుటివాళ్ళకు పోసిన చేదు మందును పోసినవాడి చేతనే తాగించడం. "దీన్ని ఎట్లా చేసి చూపాలప్పా?" అని తాత గడ్డం గోక్కుంటూ ఉండగా మామ కూతురు వచ్చి ఒక ఓళిగ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ముందురోజు ఆమె ఓళిగలు చెప్పుల అట్టలకు పనికొస్తాయని నేనన్నాను. అయినా పెట్టింది, ఎంత మంచి మనసు అనుకుని సగం కొరికాను. లోపల పూర్ణం లేదు. నూరిన ఎండుమిరపకాయలున్నాయి. నేను నీళ్ళ కుండ మీద పడి తాగుతుంటే తలుపు వెనక నుంచి తియ్యటి గొంతు: "తాతా, నువ్వు చెప్పిన మందు ఇదేనా?"

"శబాష్!" అన్నాడు తాత. "ఇద్దరికి చెప్తే మూడో మనిషికి వచ్చిందిరా పాఠం!"

దొర రానే వచ్చాడు. ముందు సుర్మాను పిలిచారు. వాడు భయానికి అన్నీ మరిచిపోయి, అడిగినదానికల్లా సలాం చేసి సర్ అని, మళ్ళీ సలాం చేసి బయటపడ్డాడు. తర్వాత నేను. పేరు చెప్పాను. దొర ఏదో అడిగాడు; అది పొట్లాల్లో పోయిన భాగంలోది. ఇంకేదో అడిగాడు, అదీ పొట్లమే. చివరకు పక్కన నిలబడిన గుమాస్తా జాలిపడి తెలుగులో చెప్పాడు: "టికెట్ అడిగితే ప్యాసింజరు నిన్ను తిట్టినాడనుకో. ఏం చేస్తావని దొర అడుగుతాండాడు."

నా అదృష్టం చూడండి! లోకంలో ఉన్న ప్రశ్నలన్నిట్లోకీ నాకు జవాబు తెలిసింది అదొక్కటే. పగ పాఠంలోని పలుకుబళ్ళన్నీ వరసగా అందుకున్నాను. "టిట్ ఫర్ టాట్, సర్! ఐ విల్ గెట్ ఈవెన్, సర్! ఐ విల్ సెటిల్ ది స్కోర్, సర్!" అలవాటు చెడ్డది కదా, మొదటి మాట నోట్లోంచి వస్తుండగానే నా చెయ్యి తనంతట తాను పోయి గుమాస్తాను గిల్లింది. "అబ్బా!" అని ఆయన ఎగిరాడు. దొర బల్ల మీద తలపెట్టి నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, లేచి నాకు చెయ్యి కూడా ఇచ్చాడు. నౌకరీ మాత్రం సుర్మాకు ఇచ్చాడు.

"ఆలూరికి కబురు పంపుతాండా" అన్నాడు మామ. ఆ మాటతో నా కథ ముగిసిందనే అనుకున్నాను. ఆ పూట మామ కంచంలో పప్పుకు ఉప్పు లేదు. మర్నాడు చారుకూ లేదు, సంగటికీ లేదు.

"ఏమ్మా, ఉప్పేది?"

"ఆలూరు అల్లుడు తెస్తాడులే నాయినా, కచేరీ నౌకరీ కదా."

"కోపమా నా మింద?"

"కోపం యాడిది? టిట్ ఫర్ టాట్. నువ్వు నాకిష్టం లేనిది నాకు పెడతాండావు, నేను నీకిష్టం లేనిది నీకు పెడతాండా."

దేశమంతా ఉప్పు కోసం దొరలతో తగువు పడుతున్న కాలంలో మా మామ ఉప్పు కోసం కూతురితో తగువు పడ్డాడు. ఓడిపోయాడు. ఒకనాడు మా ఇంటి మీదికొచ్చి, "ఏమి నేర్పించినావురా నా బిడ్డకు?" అని అరిచాడు.

"ఇంగ్లీషు మామా" అన్నాను.

"శానా బాగుండాది నీ ఇంగ్లీషు! వచ్చి చెనిక్కాయల మండీలో కూర్చో. ముహూర్తం పెట్టిస్తా. నాకు ఉప్పు కావల్ల!" మా పెళ్ళికి ఇత్తడి గుండీల కోటు కూడా వచ్చింది, సుర్మా ఒంటి మీద.

దొరలు పోయారు, తాత పోయాడు, మామ కడుపునిండా ఉప్పు తిని పోయాడు. నా నోటి దురద మాత్రం పోలేదు. సంగటి రాయిలా ఉందని నిన్న అన్నాను. ఇవాళ పప్పులో ఉప్పు లేదు. కంచం ముందు కూర్చుని, వంటింట్లో తెల్లజుట్టు ముడేసుకుంటూ నావైపు చూడకుండా నవ్వుతున్న మామ కూతురిని చూస్తే ఆ పుస్తకమే గుర్తుకొస్తుంది. మన్నించమని అడిగే పాఠం అందులో ముందు సగంలో ఉండేది. అవ్వ దగ్గర ఊళ్ళో అందరికంటే ఎక్కువ బొరుగులు తిన్నవాణ్ణి నేనే. ఆ కాగితం ఏదో ఒకనాడు నా చేతికి వచ్చే ఉంటుంది. బొరుగులు తిని, దులిపి, గాలికి వదిలేసి ఉంటాను.